శుక్రవారం దగ్గు

అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చాక, పలక మీద కాకుండా బయట గోడ మీద నేను సొంతంగా చదివిన మొదటి మాట "తాగునీరు". మా నాన్న పనిచేసే స్పిన్నింగ్ మిల్లు గేటు దాటగానే ఒక వేపచెట్టు, దాని కింద ఇసకలో కూర్చోబెట్టిన రెండు పెద్ద కుండలు, వెనక గోడకి మేకులు కొట్టి బిగించిన నీలం రేకు, రేకు మీద తెల్లరంగుతో ఆ మాట. అది 1980 వేసవి. నాకు ఆరేళ్లు. పొద్దున ఆరింటి షిఫ్టుకి వెళ్లిన నాన్నకి అన్నం క్యారియర్ తీసుకెళ్లడం నా పని.

మాది అప్పటి గుంటూరు జిల్లాలో చిలకలూరిపేట వైపు. చుట్టూ పత్తి, మిరప, పొగాకు. ఊళ్లో సగం ఇళ్లు మిల్లు కూతతో లేచేవి, మిల్లు కూతతో పడుకునేవి. నాన్న పత్తి దువ్వే కార్డింగ్‌లో. అమ్మ రీలింగ్‌లో నూలు చిలపలు చుట్టేది. ఆ చిలపలు చీరాల, మంగళగిరి మగ్గాలకి వెళ్లేవట. పండక్కి మంగళగిరి చీర కడితే "ఇందులో నేను చుట్టిన నూలు ఎంతుందో" అని అంచు తడిమి చూసుకునేది అమ్మ.

కుండల పక్కనే ఇంకో పెద్ద బోర్డు ఉండేది. చెక్క చట్రం, తెల్ల రేకు, చీమలబారు లాంటి నల్లటి అక్షరాలు. సగం ఇంగ్లీషు, సగం తెలుగు. పైన పెద్ద అక్షరాల్లో "కర్మాగారముల చట్టము, 1948". చట్టంలోని ముఖ్యమైన విషయాలు మెయిన్ గేటు దగ్గర, ఇంగ్లీషులోనూ, పనివాళ్లలో ఎక్కువమందికి తెలిసిన భాషలోనూ రాసి పెట్టాలని ఆ చట్టమే, 108వ సెక్షన్లో చెప్పేది. ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పుడు నాకది ఒక పెద్ద వాచకం, అంతే.

నాన్నకి సంతకం వరకే చదువు. ఒకరోజు వేపచెట్టు కింద ముద్ద కలుపుకుంటూ అడిగాడు.

"ఏం రాశారమ్మా అందులో?"

"చాలా ఉంది నాన్నా."

"రోజుకో లైను చదువు. తొందరేముంది."

అలా మొదలైంది. ఆయన తింటుంటే నేను బోర్డు ముందు నిలబడి వేలితో చూపిస్తూ చదివేదాన్ని. చదవడం నాది, అర్థం చెప్పడం ఆయనది. "కదలికలో నున్న యంత్రభాగములకు దిట్టమైన కంచె" అని చదివితే, "కంచె అంటే చేను కంచే కదా నాన్నా?" అన్నాను. "కాదమ్మా, పళ్లచక్రాల మీద ఇనప మూత. చెయ్యి పోకుండా" అన్నాడు. "బిగుతైన దుస్తులు" అన్న చోట తన ఖాకీ నిక్కరు చూపించాడు. నడుస్తున్న మిషను దగ్గరికి పంచెతో, లుంగీతో పోకూడదు. ఆడవాళ్లయితే తిరుగుతున్న షాఫ్టులకి నూనె వెయ్యడం, తుడవడం అసలే కూడదు. అమ్మ పైట కొంగు బొడ్లో దోపి, జడ ముడేసి, పైన గుడ్డ కట్టుకుని ఎందుకు వెళుతుందో ఆ రోజు తెలిసింది.

తాగునీరు సంగతి కూడా ఆ బోర్డులోనే ఉంది. నీళ్లు పెట్టిన చోట అందరికీ తెలిసిన భాషలో "తాగునీరు" అని రాసి తీరాలి. స్నానాల దొడ్డికీ, మరుగుదొడ్డికీ ఇరవై అడుగుల లోపు ఆ కుండలు ఉండకూడదు. (1987 సవరణ తర్వాత దీన్ని ఆరు మీటర్లు చేశారు.) నాన్నకి ఇది ఎంతో నచ్చింది. నీళ్ల కుండ గురించి కూడా ఢిల్లీలో కూర్చుని ఎవరో ఆలోచించారంటే ఆయనకి ఆశ్చర్యంగా ఉండేది. చేతులు కడుక్కుని వెళ్లి కుండ దగ్గర్నుంచి దొడ్డిదాకా అడుగులు లెక్కబెట్టి వచ్చాడు. "ఇరవై రెండు. పర్లేదు" అన్నాడు. ఆయన అడుగంటే కాలితో వేసే అడుగు. చట్టం అడుగంటే పన్నెండు అంగుళాలది. ఆ తేడా ఎవరూ చెప్పలేదు, నాకూ తెలీదు.

ఉమ్మితొట్లు పెట్టాలని, అవి కాక వేరే చోట ఉమ్మితే అయిదు రూపాయల దాకా జరిమానా అని చదివినప్పుడు మాత్రం వాచ్‌మన్ తాత తమలపాకు దవడకి నెట్టుకుని లేచి అవతలికి పోయాడు.

మిల్లులో సున్నం వాసన వచ్చిందంటే ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారని లెక్క. గోడలకి 14 నెలలకోసారి వెల్ల వెయ్యాలని చట్టంలో ఉండేది. మా మిల్లులో మాత్రం తనిఖీ కబురు వచ్చాకే వెల్ల గుర్తొచ్చేది. ఆ రోజు కుండల్లో నీళ్లు మారేవి, ఫస్టెయిడ్ పెట్టెలోకి కొత్త దూది, టించర్ సీసా వచ్చేవి, కార్డింగ్‌లో అందరి మూతికీ గుడ్డ మాస్కులు వచ్చేవి. సాయంత్రం మాస్కులు లెక్కపెట్టి వెనక్కి తీసుకునేవాళ్లు. అమ్మ వాళ్ల సెక్షన్ పక్కనున్న ఖాళీ గదిలో రెండు ఉయ్యాలలు వేలాడేవి. 30 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో ఆరేళ్ల లోపు పిల్లలకి గది ఉండాలన్నది 48వ సెక్షన్. 1976కి ముందు 50 మందికి మించితేనే. మా మిల్లులో ఆడవాళ్లు ఎందరున్నా రిజిస్టరులో ఎప్పుడూ 30 దాటేవాళ్లు కారు. మా తమ్ముడు పుట్టినప్పుడు అమ్మ వాణ్ణి పక్కింటి ముసలమ్మ దగ్గర వదిలి వెళ్లేది. మధ్యాహ్నం పాలివ్వడానికి పరుగున ఇంటికొచ్చి, పరుగున వెళ్లేది. ఆ పరుగు ఇప్పటికీ నా కళ్లల్లో ఉంది. చెమటకి తడిసిన రవికె మీద దూది నుసి అంటుకుని, పాలు తాగే తమ్ముడు తుమ్మేవాడు.

యూనియన్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు. మే డే నాడు గేటు మీటింగులో మాట్లాడితే రోడ్డు మీద ఎడ్లబళ్లు కూడా ఆగేవి. బొంబాయిలో నారాయణ్ మేఘాజీ లోఖండే అనే ఆయన మిల్లు కూలీల కోసం పోరాడితే 1890 జూన్ 10 నుంచి ఆదివారం సెలవు దొరికిందని చెప్పేవాడు. 1942లో అంబేద్కర్ గారు వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూస్తున్నప్పుడే ఎనిమిది గంటల పని మాట వచ్చిందని చెప్పేవాడు. 1881 నాటి మొదటి చట్టంలో ఏడేళ్ల పిల్లలు కూడా రోజుకి తొమ్మిది గంటలు పనిచెయ్యొచ్చని ఉందంటే నేను నోరు తెరిచి విన్నాను. అప్పటికి నాకూ ఏడేళ్లే. చదువు రానివాళ్లకి చట్టం గుర్తుండాలని ఆయన ఒక లెక్క నేర్పాడు. "చట్టం పుట్టింది 48లో. వారానికి పని 48 గంటలు. దెబ్బ తగిలి 48 గంటలు పనిలోకి రాలేకపోతే ఇన్‌స్పెక్టరుకి కబురెళ్లాలి. పిల్లల గది సెక్షను 48. ఒక్క అంకె గుర్తుపెట్టుకోండయ్యా!" అనేవాడు. నాన్న ఆ అంకెని బడిపిల్లాడిలా వల్లె వేసుకునేవాడు.

1982లో వానాకాలం. మా పక్కింట్లో ఒక బాబాయ్, పందొమ్మిదేళ్ల కుర్రాడు, బదిలీ కింద పనిచేసేవాడు. బదిలీ అంటే ఎవరైనా పర్మినెంటు మనిషి రాకపోతే ఆ రోజుకి పని. పొద్దున్నే గేటు దగ్గర నిలబడాలి, పేరు పిలిస్తే లోపలికి, లేకపోతే ఇంటికి. ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే 20 రోజులకొకటి చొప్పున జీతంతో సెలవు వచ్చేది. బదిలీ వాళ్లకి ఆ 240 ఎప్పుడూ నిండేది కాదు. డ్రా ఫ్రేమ్ మిషను పళ్లచక్రాల మూత వారం నుంచి ఊడి పక్కన పడుంది. మిషను ఆపితే ప్రొడక్షన్ పోతుందని నడుస్తుండగానే దూది చుట్టుకున్నచోట తియ్యమన్నారు. కుడిచేతి రెండు వేళ్లు పోయాయి.

నేను చూసింది ఆ చేతిని కాదు. వాళ్లమ్మ చాకిరేవు దగ్గర ఆ నిక్కరు ఉతకడం చూశాను. నీళ్లు ఎర్రగా వస్తుంటే ఆవిడ ఏడవకుండా బాదుతూనే ఉంది.

మూడో రోజు ఆఫీసు నుంచి ఒకాయన వాళ్లింటికి వచ్చాడు. ఇంటి దగ్గర గడ్డి కోసుకుంటుంటే తెగిందని వేలిముద్ర వెయ్యమన్నాడు. ఆసుపత్రి ఖర్చు పెట్టుకుంటాం, కుర్రాడికి పర్మినెంటు ఇప్పిస్తాం అన్నాడు. వాళ్ల నాన్న ఇంకుప్యాడ్ మీద వేలు పెట్టబోతుంటే మా నాన్న అడ్డం వెళ్లాడు. అప్పటివరకూ సూపర్‌వైజరు గారి ముందు నోరెత్తని మనిషి.

"48 గంటలు దాటిందండీ. ఇన్‌స్పెక్టరు గారికి కాగితం వెళ్లాలంట. బోర్డులో ఉంది. మా అమ్మాయి చదివింది."

ఆ ఆఖరి మాట నాకు గర్వంగా అనిపించింది ఆ రోజు. అరుగు మీద కూర్చుని విన్నాను. ఎనిమిదేళ్లు నాకు.

యూనియన్ కదిలింది. కాగితం వెళ్లింది. ఇన్‌స్పెక్టరు గారు ఈసారి సున్నం వాసన రాకముందే వచ్చారు. ఆ మూత మళ్లీ బిగించారు. ఆ ఒక్కటే కాదు, వరసంతా బిగించారు. బాబాయ్‌కి పరిహారం వచ్చింది. ఆ డబ్బుతో పెట్టుకున్న చిన్న సోడా కొట్టు చాలా ఏళ్లు నడిచింది. గోళీ సోడా ఎడమ బొటనవేలితో కొట్టేవాడు. ఆ చప్పుడు వింటే ఊరంతటికీ తెలిసేది.

పదిహేను రోజుల తర్వాత నాన్నని కార్డింగ్ నుంచి బ్లో రూముకి మార్చారు. కారణం ఎవరూ చెప్పలేదు.

బ్లో రూము అంటే మిల్లులోకెల్లా దుమ్ము ఎక్కువుండే చోటు. బేళ్లు విప్పి, పత్తిని విడగొట్టి, బీటర్లతో దులిపే గది. పత్తితోపాటు వచ్చిన ఆకు పొడి, కాయ తొక్క, మట్టి అంతా గాల్లోనే ఉంటుంది. పత్తిని బేళ్లుగా నొక్కే ఫ్యాక్టరీల్లో పత్తి విడగొట్టే మిషను ఉన్నచోట ఆడవాళ్లనీ పిల్లల్నీ పెట్టకూడదని 27వ సెక్షను చెప్పేది. దుమ్ము పుట్టినచోటే దాన్ని లాగేసే ఏర్పాటు ఉండాలని 14వ సెక్షను చెప్పేది. మా మిల్లులో దాన్ని లాగే ఫ్యాను తిరగడం నేను చూడలేదు. నాన్న మూతికి తువ్వాలు కట్టుకునేవాడు. ఇంటికొచ్చేసరికి కనుబొమలు, రెప్పల వెంట్రుకలు, చెవుల లోపల కూడా తెల్లగా ఉండేవి. గడప బయట నిలబెట్టి అమ్మ పొడి గుడ్డతో దులిపేది. ఎండలో ఆ నుసి బంగారం పొడిలా లేచేది. నేనూ తమ్ముడూ దాన్ని పట్టుకోవడానికి ఎగిరేవాళ్లం. తర్వాత బెల్లం ముక్క. దుమ్ము గొంతులో ఆగకుండా దిగిపోతుందని మిల్లువాళ్లందరి నమ్మకం. నాన్న జేబులో ఎప్పుడూ కాగితంలో చుట్టిన అచ్చుబెల్లం ఉండేది. బీడీ మాత్రం జన్మలో ముట్టలేదు.

దగ్గు రెండేళ్లకి మొదలైంది. శుక్రవారం నాడు వచ్చేది. మా మిల్లుకి వారం సెలవు గురువారం. శుక్రవారం షిఫ్టుకి వెళ్లిన రెండు మూడు గంటలకి గుండె మీద రోలు పెట్టినట్టుండేదట. ఊపిరి సగంలో ఆగిపోయేది. రాత్రికి ఒళ్లు వెచ్చబడేది. శనివారానికి కాస్త తేలిక. బుధవారానికి మామూలు మనిషి. గురువారం తలంటు పోసుకుని, మాంసం కూర తిని, పెరుగన్నంతో ముగించేవాడు. మళ్లీ శుక్రవారం. అమ్మ తలంటునీ పెరుగునీ తిట్టేది. గురువారం పెరుగు మానేశాడు. తలంటు శనివారానికి మార్చుకున్నాడు. శుక్రవారం మాత్రం మారలేదు.

1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో గ్యాసు లీకైంది. రేడియోలో వార్తలు వింటూ నాన్న అన్నం ముందు అలాగే కూర్చుండిపోయాడు. "లోపల పనిచేసేవాళ్లకి తెలిసే ఉంటుందమ్మా. ఎప్పుడోకప్పుడు వాసన వచ్చే ఉంటుంది" అన్నాడు. భోపాల్ తర్వాతే 1987లో చట్టానికి కొత్త అధ్యాయం చేర్చారు. ప్రమాదకరమైన పనులు చేసేచోట కార్మికులతో కలిపి సేఫ్టీ కమిటీ ఉండాలి, ముప్పు కనిపిస్తే హెచ్చరించే హక్కు కార్మికుడికే ఉండాలి అని. చాలా మంచి మాటలు. అయితే అవి వర్తించే పరిశ్రమల జాబితా చట్టం మొదటి షెడ్యూలులో ఉండేది. సిమెంటు, మందులు, ఎరువులు, ఆస్‌బెస్టాస్ ఉన్నాయి. నూలు మిల్లులు లేవు.

1989లో నాన్నని పట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. కుర్ర డాక్టరు, నిజంగా శ్రద్ధగా చూశాడు. మిల్లు అనగానే పెన్ను ఆపి, తలెత్తి అడిగాడు.

"సోమవారం ఎక్కువవుతుందా పెద్దాయనా?"

"లేదండీ. సోమవారం బానే ఉంటానండీ. శుక్రవారమండీ."

డాక్టరు మళ్లీ తల దించి ఉబ్బసం అని రాశాడు. మాత్రలు రాశాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. పదిహేనేళ్లు నాకు.

1994లో నర్సింగ్ చదువుతున్నాను. కమ్యూనిటీ హెల్త్ క్లాసులో ఒకరోజు వృత్తి జబ్బుల పాఠం. పలకల పనివాళ్లకి, రాళ్లు కొట్టేవాళ్లకి సిలికోసిస్. బ్యాటరీల పనివాళ్లకి సీసం విషం. తర్వాత బిస్సినోసిస్. పత్తి దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు. బ్లో రూము, కార్డింగ్‌లో పనిచేసేవాళ్లకి ఎక్కువ. దీన్నే మండే ఫీవర్, సోమవారం జ్వరం అంటారని మేడమ్ చెప్పి, ఆగి, "సోమవారానికేం ప్రత్యేకత లేదు. సెలవు తర్వాత పనిలోకి దిగిన మొదటి రోజన్నమాట" అన్నారు. మొదట్లో ఒక్కరోజే ఉంటుంది, తర్వాత వారమంతా పాకుతుంది, ఆ తర్వాత పని మానేసినా పోదు. ఆ మూడు మెట్లూ వరసగా నేను ఇంట్లో చూశాను. పెన్ను పట్టుకున్న చేయి కదల్లేదు నాకు.

ఆ సాయంత్రం లైబ్రరీలో చట్టం పుస్తకం తీయించి చూశాను. మూడో షెడ్యూలు. కనిపెడితే ప్రభుత్వానికి తెలియజేసి తీరవలసిన జబ్బుల జాబితా. యాజమాన్యమే కాదు, చూసిన డాక్టరు కూడా ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టరుకి రాయాలి. అందులో బిస్సినోసిస్ ఉంది. మొదటి షెడ్యూలు పట్టించుకోని మిల్లు మనిషి, మూడో షెడ్యూలులో ఉన్నాడు. గేటు దగ్గర బోర్డు మీద ఆ షెడ్యూలు ఉన్నట్టు నాకు గుర్తులేదు. ఉండి ఉంటే చదివేదాన్ని. ఆ డాక్టరు గారి మీద నాకు కోపం లేదు. "వారం సెలవు ఎప్పుడు?" అని ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే బాగుండేదని మాత్రం ఇప్పటికీ అనుకుంటాను. వార్డులో ఇన్నేళ్లూ ఎవరు దగ్గుతూ వచ్చినా ముందు ఆ ప్రశ్నే అడుగుతూ వచ్చాను. ఏం పని చేస్తారు? సెలవు ఏ రోజు?

సెలవులకి ఇంటికెళ్లి నాన్నకి చెప్పాను. అంతా విని, "మరి ఆయన సోమవారం అన్నారుగా" అన్నాడు. వేరే డాక్టరుతో జబ్బు పేరు రాయించి ఆఫీసుకి తీసుకెళ్లాం. ఈ వయసులో దగ్గు ఎవరికుండదన్నారు. యూనియన్ గట్టిగా అడిగితే నూలు గోడౌన్లో పనికి మార్చారు. అప్పటికి వారంలో ఏ రోజైనా ఒకటే అయింది ఆయనకి. పరిహారం కోసం తిరిగి తిరిగి ఊరుకున్నాం. ఆ తిరుగుడంతా రాయబుద్ధి కావడం లేదు.

ఒకసారి అడిగాను. ఆ లైను నేను చదవకపోతే నువ్వు బ్లో రూముకి వెళ్లేవాడివి కాదు కదా నాన్నా అని. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "సోడా తాగొద్దాం పద" అన్నాడు.

మిల్లు 2003లో మూతపడింది. సామాను వేలం వేసే ముందు రోజు నాన్న గేటు దగ్గరికి వెళ్లి, వాచ్‌మన్‌ని అడిగి, ఒకే ఒక వస్తువు తెచ్చుకున్నాడు. నీలం రేకు. చట్టం బోర్డు అప్పటికే తుప్పుపట్టి అక్షరాలు రాలిపోయిందట.

2025 నవంబరు 21 నుంచి పాత ఫ్యాక్టరీల చట్టం స్థానంలో కార్మికుల భద్రత, ఆరోగ్యం మీద కొత్త చట్టం, కోడ్ అంటారు, వచ్చింది. కొంత మంచి ఉంది. నలభై దాటిన కార్మికులకి ఏటా ఉచితంగా వైద్య పరీక్ష అన్నది మా నాన్న కాలంలో ఉంటే, వేరే డాక్టరు, వేరే ప్రశ్న దొరికేవేమో. కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అన్నది ఇప్పుడు ఇరవై అయింది. మా వైపు జిన్నింగ్ మిల్లుల్లో పన్నెండు, పదిహేను మంది పనిచేసేవి ఎన్నో నాకు తెలుసు. అక్కడా అదే పత్తి, అదే దుమ్ము. 2020 మే 7న విశాఖలో, 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన ఫ్యాక్టరీ ప్రమాదాలు టీవీలో చూస్తున్నప్పుడు, గేటు బయట పేర్ల కోసం నిలబడ్డ ఆడవాళ్లని చూసి నాకు చాకిరేవు దగ్గర నిక్కరు ఉతికిన ఆవిడే గుర్తొచ్చింది.

నాన్న 2011లో పోయాడు. పోయే ముందు ఏడాది మేం కొత్త ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశం నాటికి నాలుగడుగులు వేస్తే కూర్చోవాల్సిన స్థితి ఆయనది. మంచినీళ్ల కుండ ఎక్కడ పెట్టాలో మాత్రం తనే చూస్తానన్నాడు. బాత్రూము తలుపు దగ్గర మొదలుపెట్టి, గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ లెక్కపెడుతూ నడిచాడు. ఏడు దగ్గర ఆగాడు. పదకొండు దగ్గర కుర్చీ వేశాం. పద్నాలుగు దగ్గర వసారా దాటాడు. ఇరవయ్యో అడుగు పడేసరికి పెరట్లో కరివేపాకు చెట్టు కింద ఉన్నాడు.

"ఇక్కడ" అన్నాడు.

కుండ ఇప్పటికీ అక్కడే ఉంది. పైన గోడకి ఆ నీలం రేకు.